దవడ కట్టు

డాక్టరు మురళీకృష్ణగారు మందుల చీటీ తిరగేసి, వెనక ఖాళీలో పెన్నుతో కింది దవడ బొమ్మ వేశారు. గుర్రపు నాడాలా ఉంది. దాని మీద రెండుచోట్ల అడ్డగీతలు గీశారు. ఒకటి ఎడమ చెవి కింద, దవడ మలుపు తిరిగే మూలలో. రెండోది కుడివైపు, గడ్డానికి కాస్త ఇవతల.

“ఈ రెండుచోట్లా విరిగిందండి. మీరు బళ్ళో ఏం చెబుతారన్నారు?”

“సోషలండి.”

“అయితే మ్యాపులు అలవాటే మీకు. ఎలా జరిగిందన్నారు?”

“ఇవాళ మా అమ్మ పదోరోజండి. పొద్దున్నే రేవు మెట్ల మీంచి పడ్డాడు మా తమ్ముడు.” పల్లంరాజు ఒక్క క్షణం ఆగాడు. “కాస్త తాగున్నాడండి.”

ఆ రెండో మాట అతను పొద్దున రేవులో జనం పరిగెత్తుకొచ్చినప్పుడు మొదటిసారి అన్నాడు. ఎవరూ మారు అడగలేదు. అడగకపోయేసరికి రెండోసారి తేలికైంది. ఇది ఎన్నోసారో లెక్కలేదు.

డాక్టరుగారు పెన్ను కొస బొమ్మ మీద ఆనించారు. “పడితే గడ్డం చిట్లుతుంది మాస్టారూ. ఎముక ఈ చెవుల దగ్గర విరుగుతుంది. మీ తమ్ముడి గడ్డం మీద గీత కూడా లేదు.” కళ్ళెత్తి చూసి, మళ్ళీ బొమ్మ వైపు తిరిగారు. “సరే, మెట్లు ఎక్కడ తగులుతాయో ఎవరు చెప్పగలరు.”

పల్లంరాజు కుడిచెయ్యి బల్ల కిందే ఉంచుకున్నాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

అతనిది యానాం దగ్గర ఏటిగట్టు మీద చేపలవాళ్ళ పేట. ఆసుపత్రికైతే కాకినాడే దగ్గర. కానీ కాకినాడ ఆసుపత్రుల్లో అతని దగ్గర చదువుకున్న పిల్లలు నర్సులుగా, కాంపౌండర్లుగా ఉన్నారు. అందుకే రేవులో తంతు గంటలో ముగించి, కారు మాట్లాడి, తమ్ముణ్ణి రామచంద్రపురం మీదుగా రాజమండ్రి తీసుకొచ్చాడు. పుష్కరాలు అయిపోయి రెండు నెలలే అయింది. రోడ్డు బాగుంది. అయినా గతుకు వచ్చినచోటల్లా చిట్టియ్య రెండు చేతులతో దవడను మోసుకుని కళ్ళు మూసుకున్నాడు. మూలగలేదు. మూలిగితే అన్నయ్య బాధపడతాడని కాబోలు.

జరిగింది వేరు.

వాళ్ళ తల్లి తలుపులమ్మకు పక్షవాతం వచ్చి మింగుడు పడకుండా పోయింది. గట్టి పదార్థం ఏదీ పెట్టవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని డాక్టర్లు చెప్పారు. పల్లంరాజు చెప్పింది చెప్పినట్టు చేశాడు. బళ్ళో టైమ్‌టేబుల్ మాదిరి ఒక కాగితం గోడకు అంటించి, గడియారం చూసి, గ్లాసుతో కొలిచి పాలూ గంజీ బార్లీనీళ్ళూ పోశాడు. ఆమె పద్దెనిమిది రోజులు బతికింది. పద్దెనిమిది రోజులూ వంకర తిరిగిన నోటితో ఒక్కటే అడిగింది. ఇంత అన్నం, ఇంత చేపల పులుసు. చిట్టియ్య రెండుసార్లు వండించి తెచ్చాడు. రెండుసార్లూ అన్నయ్య గుమ్మంలోనే ఆపి పంపేశాడు.

పదోరోజు తెల్లవారగానే అన్నదమ్ములిద్దరూ అందరికంటే ముందు రేవుకు వెళ్ళారు. చిట్టియ్య తువ్వాలు చాటున గిన్నె ఒకటి తెచ్చాడు. పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి ఆ రోజున కాకికి పెట్టడం వాళ్ళలో తాతలనాటి ఆచారం. చేపలవాళ్ళింట ఇష్టమైనదంటే చేపే. చదువుకుని నలుగురిలో తిరిగినవాడు కనుక, ఈసారి నీచు లేకుండా జరగాలన్నది పల్లంరాజే.

“ఏంట్రా అది?”

“బొమ్మిడాయిల పులుసు. అమ్మకి.”

“మైలలో నీచేంటి, బుద్ధుందా? పంతులుగారొచ్చే వేళైంది. పారబొయ్యి.”

“పంతులుగారికి కాదన్నయ్యా, కాకికి. అది ముట్టాక నీ అరటికాయ కూర పెట్టుకో.”

“పారబొయ్యమన్నానా!”

చిట్టియ్య గిన్నెను గుండెలకు ఆనించుకున్నాడు. “అమ్మ ఆకలితో పోయింది మాస్టారూ,” అన్నాడు.

బుద్ధెరిగాక వాడు అన్నయ్యను మాస్టారూ అని పిలవడం అదే మొదటిసారి. ఇరవైరెండేళ్ళ సర్వీసులో బెత్తం పట్టని మాస్టారని మండలమంతా చెప్పుకునే చెయ్యి అప్పుడు లేచింది. ఎముక విరిగిన చప్పుడు కొట్టినవాడికే ముందు వినిపించింది. గిన్నె మెట్ల మీద దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది.

జనం వచ్చారు. “మెట్ల మీంచి పడ్డాడు,” అన్నాడు పల్లంరాజు. “మందు మీదున్నాడేంటండీ?” అని ఎవరో అడిగారు. యానాం సరుకు చేతికందే పేటలో, పొద్దున్నే మగవాడు పడిపోతే మొదట వచ్చే మాట అదే. “ఉన్నట్టున్నాడు,” అన్నాడు. తల్లి మంచం పట్టిన రోజు నుంచి చిట్టియ్య చుక్క ముట్టలేదని అతనికి తెలుసు.

“మూడు పద్ధతులున్నాయండి,” అన్నారు డాక్టరుగారు. “మొదటిది పాతది. ఆర్చ్ బార్ అంటాం. చిన్నచిన్న కొక్కేలున్న సన్నటి లోహపు పట్టీ. పై పళ్ళకొకటి, కింది పళ్ళకొకటి. ఒక్కో పంటి చుట్టూ తీగ తిప్పి పట్టీని బిగిస్తాం. తర్వాత పై కొక్కేలనీ కింది కొక్కేలనీ కలిపి కట్టేస్తాం. గంటన్నర పని. చిగుళ్ళు నొప్పెడతాయి, తీగ మొనలు పెదాల్ని గీరతాయి. కానీ పట్టు గట్టిది. పళ్ళు ఇదివరకు ఎలా కలిసేవో అలాగే కలుస్తాయి.”

పల్లంరాజు తలూపాడు.

“రెండోది ఈమధ్య వచ్చింది. పై దవడలో రెండు, కింది దవడలో రెండు స్క్రూలు దించి, వాటికే తీగ కట్టడం. పావుగంటలో అయిపోతుంది. చిగుళ్ళకి హాయి, విప్పడమూ తేలిక. పంటి వేరుకి తగలకుండా చూసుకుని దించాలి, అంతే. ఒక్కచోట విరిగితే దాంతో సరిపెట్టేవాణ్ణి. రెండుచోట్ల విరిగింది కాబట్టి వెనక ముక్క కదులుతుందేమోనని నా భయం.”

“ఈ రెండిట్లోనూ నోరు…”

“మూసే ఉంటుందండి. ఆరు వారాలు. మూడోది ప్లేట్లు. లోపలి నుంచి కోసి, విరిగినచోట చిన్న రేకు పెట్టి ఎముకకే బిగించేస్తాం. తీగ ఆపరేషన్ బల్ల మీద కట్టి, అక్కడే విప్పేస్తాం. నాలుగో రోజుకి మెత్తటి అన్నం తింటాడు, మాట్లాడతాడు. ఖర్చులో పెద్ద తేడా ఏం లేదు. నన్నడిగితే ఇదే చేయించండి.”

మాట్లాడతాడు. మిగతా మాటలన్నీ అటుంచి పల్లంరాజు చెవిలో ఆ ఒక్క మాటే నిలిచింది. నాలుగో రోజుకు పెద్దకర్మకు వచ్చిన బంధువులు ఇంకా ఊళ్ళోనే ఉంటారు. హెడ్మాస్టరుగారూ తోటి టీచర్లూ పరామర్శకు వస్తారు. వాళ్ళందరి మధ్యా వాడు నోరు తెరుస్తాడు.

“లోపల లోహం ఎందుకండి,” అన్నాడు. “ఉప్పునీళ్ళలో పనిచేసేవాడు. తుప్పు పడుతుందేమో.”

డాక్టరుగారు నవ్వారు. “టైటానియమండి. సముద్రంలో పడేసినా పట్టదు.”

“కోతంటే భయపడతాడండి. పైగా నోరు తెరిచుంటే మళ్ళీ తాగుతాడు.”

“తాగేవాడికైతే నోరు కట్టడమే ప్రమాదమండి. వాంతైతే ఊపిరాడదు.” డాక్టరుగారు పెన్నుకు మూత పెట్టారు. “మందు వాసన లేదన్నాడు మా డ్యూటీ డాక్టరు.”

పల్లంరాజు బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నాడు. “కట్టాక తాగడండి. నేను చూసుకుంటాను.”

“పోనీ అతన్నే అడగండి. దవడ అతనిది.”

చిట్టియ్య వార్డులో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం ఒకవైపు గుమ్మడికాయలా ఉబ్బింది. పల్లంరాజు మూడు పద్ధతులూ చెప్పలేదు. “పళ్ళకి తీగ కడతార్రా. ఆరు వారాలు నోరు కదపకూడదు. కట్టించేద్దాం,” అన్నాడు. చిట్టియ్య వేలితో అన్నయ్యను చూపించి, అరచెయ్యి తిప్పాడు. నీ ఇష్టం అని. తండ్రి వేటకెళ్ళి తిరిగి రాని ఏడు, ఒకడు బడికి ఒకడు పడవకి అని తల్లి అన్నప్పుడు కూడా, తొమ్మిదేళ్ళ చిట్టియ్య బడికి ఇలాగే అన్నయ్యను చూపించాడు.

ఒప్పుదల కాగితం తెచ్చిన నర్సు పెన్ను ఇవ్వబోయింది. పల్లంరాజు తమ్ముడి బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, చూపించిన చోట నొక్కాడు.

“కట్టాక మాట్లాడలేడు కదండీ,” అంది నర్సు. “ఒక నోట్‌బుక్కో పలకో ఇవ్వండి. కావలసింది రాసి చూపిస్తారు.”

“రాయడం రాదమ్మా.”

“మీ సొంత తమ్ముడే కదండీ?” అనేసి, ఆ అమ్మాయి తనే నాలుక కరుచుకుంది.

మర్నాడు ఆపరేషన్ గది బయట చిట్టియ్య భార్య లోవలక్ష్మి ఒక్కతే కూర్చుంది. పల్లంరాజు ఊళ్ళో తల్లి పెద్దకర్మ ఒక్కడే జరిపించాడు. చిన్నకొడుకేడని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా అందరికీ తెలుసు.

చిట్టియ్యను ఇంటికి తెచ్చాక పల్లంరాజు పొద్దున బడికి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళేవాడు. ఆఖరి పన్ను వెనక సందులోకి సన్నటి గొట్టం జొనిపి, గ్లాసుతో కొలిచి గంజీ పాలూ పప్పుకట్టూ పోసేవాడు. తీగలు పెదాలకు గుచ్చుకోకుండా మొనల మీద మైనం అద్దేవాడు. అతని చెయ్యి తగిలినప్పుడల్లా చిట్టియ్య కళ్ళు మూసుకునేవాడు.

లోవలక్ష్మి నోరు మాత్రం ఊరుకునేది కాదు. “గొంతులో దిగట్లేదా? యానాం సరుకైతే గొట్టం లేకుండానే దిగుద్ది. ఎన్నిసార్లు చెప్పుంటాను బావగారూ! అత్తయ్య పదోరోజన్నా ఆగలేకపోయారు. రేవులోకి బిందె పట్టుకెళ్తే ఆడోళ్ళు ముఖం మీదే నవ్వుతున్నారు. మీలాంటి అన్న దొరకబట్టి సరిపోయింది గానీ.”

చిట్టియ్య ఇంటి కప్పు వైపు చూసేవాడు. పల్లంరాజు గ్లాసు వైపు చూసేవాడు.

రెండు వారాలు కావస్తుండగా ఒక సాయంత్రం, చిట్టియ్య వేటకెళ్ళే పడవ నడిపే సరంగు బంగార్రాజు పల్లంరాజు ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

“మీకు చెప్పడం ధర్మమని వచ్చానండి. తల్లి మైలలో తాగినోణ్ణి ఎక్కిస్తే గంగమ్మతల్లి ఊరుకోదని మావోళ్ళంటున్నారండి. వేరే మనిషిని చూసుకున్నాం.”

“నాలుగు వారాలాగితే వాడే వస్తాడు కదా బంగార్రాజూ.”

“ఆగేదేం లేదండి. ఇంకెప్పుడూ వద్దంటున్నారు. ఎల్లుండి ఆదివారం పడవకి పూజ. కొత్తోడి చేత కొబ్బరికాయ కొట్టించేస్తే ఇక వాడి చోటు వాడిదేనండి.”

“నువ్వేమంటావు?”

“నేనేమంటానండీ. ముప్పై ఏళ్ళు నా పక్కన వల లాగినోడు. ఎవరో అంటే నమ్మేవోణ్ణి కాదు. మీరే చెప్పారు కదండీ, తాగున్నాడని. మీ మాటకి తిరుగేముంది?”

బంగార్రాజు వెళ్ళిపోయాడు. అతన్ని వెనక్కి పిలవడానికి పల్లంరాజు రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ మూసుకున్నాడు. పడవ తప్ప చిట్టియ్యకు ఇంకో పని రాదు. నేర్చుకునే వయసులో నేర్చుకోనివ్వలేదు ఎవరూ.

మర్నాడు శనివారం. ముగ్గురూ రాజమండ్రి వెళ్ళారు. డాక్టరుగారు లైటు వేసి తీగలు చూశారు, రెండుచోట్ల బిగించారు. తర్వాత స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుని, మామూలుగా అడిగారు.

“చిట్టియ్యగారూ, మిమ్మల్ని ఎవరైనా కొట్టారా? తలూపితే చాలు.”

“కొట్టడమేంటండీ?” అంది లోవలక్ష్మి. “తాగి పడ్డారు.”

చిట్టియ్య తల అడ్డంగా ఊపాడు. డాక్టరుగారు చూస్తూనే ఉన్నారు. అది చాలదనుకున్నాడో ఏమో, చిట్టియ్య రెండువేళ్ళతో మెట్లు దిగుతున్నట్టు చూపించి, జారినట్టు చెయ్యి కిందికి వదిలేశాడు. ఆ మీద బొటనవేలు పెదాల దగ్గర పెట్టి ఎత్తాడు. తాగాను అని. తీగల వెనక నుంచి నవ్వబోయాడు కూడా.

డాక్టరుగారు పల్లంరాజు వైపు చూడలేదు. చూసి ఉంటే అతనికి కాస్త సులువుగా ఉండేది.

వాడు చెప్పడు. నోరుండి ఉంటే నోటితోనే ఈ మాట అనేవాడు, బంధువుల ముందు, హెడ్మాస్టరుగారి ముందు. నాలుగో రోజుకు లేచి కూర్చుని, మెత్తటి అన్నం తింటూ, మెట్లు జారాయన్నయ్యా అని తనకే చెప్పేవాడు. నలభై ఏళ్ళ బట్టి తెలిసిన తమ్ముడి గురించి ఈ సంగతి తనకు తెలియలేదు. తెలియక నోరు కట్టించాడు.

వాళ్ళిద్దరినీ బయట కూర్చోబెట్టి పల్లంరాజు మళ్ళీ లోపలికి వచ్చాడు.

“ఇప్పుడు తీగ విప్పి ప్లేట్లు వేయడానికి వీలవుతుందా అండి?”

“ఇప్పుడా? ఎముక అతుక్కోవడం మొదలైంది. కదిపితే చెడుతుంది. నాలుగు వారాలు ఓపిక పట్టాల్సిందే.” డాక్టరుగారు చేతులు కడుక్కుంటున్నారు. “మొదటిరోజే చెప్పాను మాస్టారూ.”

“చెప్పారండి.” నీళ్ళ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. “కొట్టింది నేనండి.”

“తెలుసండి,” అన్నారాయన తువ్వాలు అందుకుంటూ. “నాకు చెప్తే ఏం లాభం?”

ఆదివారం పొద్దున పడవకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఏడుగురు మనుషులు గట్టు మీద నిలబడ్డారు. కొత్తవాడు తలంటుకుని కొబ్బరికాయ పట్టుకున్నాడు. పల్లంరాజు చెప్పులు విప్పి వాళ్ళ మధ్యకు వెళ్ళాడు.

“ఆ రోజు చిట్టియ్య తాగలేదు. మెట్ల మీంచి పడలేదు. నేను కొట్టాను.”

“పొద్దున్నే మాస్టారికెక్కినట్టుందిరోయ్,” అని వెనక నుంచి ఒకడు నవ్వాడు.

“ఎందుకండీ అంత మాట,” అన్నాడు బంగార్రాజు. “తమ్ముడి తప్పు తలకెత్తుకోవడానికొచ్చారు. మీ మంచితనం మాకు తెలీదా?”

అబద్ధాన్ని ఒక్కమాటకే నమ్మినవాళ్ళు నిజాన్ని నమ్మడం లేదు. పల్లంరాజు రెండడుగులు ముందుకు వేసి, పసుపు రాసిన పడవ మొగం మీద కుడిచెయ్యి పెట్టాడు. పూజనాడు అక్కడ చెయ్యి వేసి అబద్ధమాడిన మనిషి ఆ పేటలో ఇంతవరకూ లేడు. చెయ్యి అక్కడే ఉంచి మొత్తం చెప్పాడు. గిన్నె సంగతి, పులుసు సంగతి, వాడు అన్న మాట, తను ఎత్తిన చెయ్యి.

నవ్వినవాడు తల దించుకున్నాడు. బంగార్రాజు కొత్తవాడి చేతిలోంచి కొబ్బరికాయ తీసుకుని పడవలో పెట్టాడు. “చిట్టియ్యొచ్చాక కొట్టుకుందాం. అప్పటిదాకా నువ్వు బదిలీ మనిషివే అబ్బాయ్,” అన్నాడు. ఇన్నేళ్ళుగా పల్లంరాజు ఎదురుపడితే తలగుడ్డ తీసే మనిషి, ఆవేళ తీయలేదు.

చివర్న నిలబడ్డ ముసలాయన అప్పాజీ, ఒకప్పుడు వీళ్ళ తండ్రితో వేటకు వెళ్ళినవాడు, గొంతు తగ్గించి అన్నాడు. “పెట్టనివ్వాల్సింది బాబూ. కాకికే కదా.”

పల్లంరాజు విప్పిన చెప్పులు చేత పట్టుకుని చిట్టియ్య ఇంటి వైపు నడిచాడు.

అతను చిట్టియ్య ఇంటికి చేరేలోపే కబురు చేరింది. లోవలక్ష్మి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ ‘రండి బావగారూ’ అనేది. అనలేదు. చిట్టియ్య మంచం మీద కూర్చుని రెండు చేతులతో నుదురు కొట్టుకున్నాడు. ఎందుకు చెప్పావు, ఎవరడిగారు నిన్ను అన్నట్టు చేతులు ఊపాడు. ఆ చేతుల్లో కోపం ఉంది, కానీ అది అన్నయ్య పరువు పోయిందన్న కోపం.

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ దాచిన మాట ఎలా పనిచేస్తుందో పల్లంరాజు ఈ రెండు వారాలూ చూశాడు.

“ఇంకోటుందిరా,” అన్నాడు. “డాక్టరుగారు మూడు పద్ధతులు చెప్పారు. నీకు ఒక్కటే చెప్పాను. ప్లేట్లు వేయిస్తే నాలుగో రోజుకే తిని, మాట్లాడేవాడివి. అదే మంచిదన్నారు. నేనే వద్దన్నాను. నువ్వు బయటపెట్టేస్తావని.”

చిట్టియ్య చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అన్నయ్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. దెబ్బ తిన్నరోజున కూడా ఆ చూపు లేదు. తర్వాత మెల్లగా, దవడ కదలకుండా జాగ్రత్తగా, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పల్లంరాజు అలవాటుగా బల్ల మీద గంజి గ్లాసు అందుకున్నాడు. లోవలక్ష్మి వచ్చి అతని చేతిలోంచి తీసుకుంది.

“ఇక నేను పోస్తాను లెండి.”

“సాయంత్రం వచ్చి…”

“వద్దండి. ఆయన్ని రోజూ తిట్టాను, మీ ముందే. మీరు వింటూ కూర్చున్నారు.” ఆమె గొంతు పెరగలేదు. “కట్టు విప్పిన రోజు రండి. ఆయనేమంటారో ఆయన నోటితోనే విందురుగాని.”

“సరేనమ్మా,” అన్నాడు పల్లంరాజు.

గుమ్మం దిగి బయటికి వచ్చాడు. కట్టు విప్పడానికి ఇంకా నాలుగు వారాలు ఉన్నాయి. ఆవేళ ఆదివారం కావడంతో వెళ్ళడానికి బడి కూడా లేదు.